సంపెంగ, అడవినాభి: ఒకే పైపు నీళ్లతో రెండూ ఎందుకు పాడవుతాయి

నల్గొండ, మిర్యాలగూడ, వనపర్తి వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు పూల మొక్కల గురించి అడిగితే రెండు పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి నర్సరీలో ఊరించే పసుపు సంపెంగ. రెండోది నల్లమల అంచుల్లో వానాకాలం పొదల మీదికి పాకుతూ, మంటలాంటి ఎరుపు పసుపు రేకులతో పూసే అడవినాభి. కొందరు దీన్నే అగ్నిశిఖ అంటారు. రెండూ పెట్టుకోవచ్చు. కానీ వాటి స్వభావాలు పూర్తిగా వేరు. సంపెంగ ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు, ఎండాకాలంలోనే దానికి నీళ్లు ఎక్కువ కావాలి. అడవినాభి దుంప మొక్క, ఎండాకాలమంతా నేలలో పొడిగా నిద్రపోవాలి. ఒకే పాదులో పెట్టి ఒకే డ్రిప్పు పైపు తిప్పితే ఒకటి ఎండుతుంది, లేదా రెండోది కుళ్లుతుంది. నాకు తెలిసినంతలో ఈ రెండింటికీ వచ్చే సమస్యల్లో సగం ఇక్కడే పుడతాయి.

దీపావళి దాటగానే అడవినాభి తీగ ఎండిపోయింది

ఇది జబ్బు కాదు. పూత, కాయ అయ్యాక తీగ పసుపు రంగుకు తిరిగి ఎండిపోవడం దాని పద్ధతి. చచ్చిపోయిందనుకుని నీళ్లు ఎక్కువ పోయకండి, పీకి పారేయకండి. తీగ పూర్తిగా ఎండాక నేల మట్టానికి కోసి, దుంప ఉన్న చోట ఒక పుల్ల గుర్తుగా పాతండి. నీళ్లు ఆపేయండి.

మృగశిర దాటి మంచి వానలు పడ్డా మొలక రాలేదు

కంగారు పడకుండా జూలై నెలంతా చూడండి. అప్పటికీ రాకపోతే పక్కనుంచి మెల్లగా తవ్వండి. దుంప గట్టిగా ఉంటే మళ్లీ కప్పేసి ఆగాలి. మెత్తగా, వాసన వేస్తుంటే కుళ్లినట్టే. ఎండాకాలం సంపెంగకు వదిలిన నీళ్లు ఇక్కడిదాకా చేరాయన్నమాట. నల్లరేగడి అయితే వానాకాలం నీళ్లు నిలిచినా ఇదే గతి.

ఇంకో కారణాన్ని చాలామంది గమనించరు. అడవినాభి దుంప నాగలిలా రెండు కొమ్ములుగా ఉంటుంది. మొలక కన్ను కొమ్ము చివరనే ఉంటుంది. బంగాళాదుంపలా ఎక్కడ కోసినా మొలుస్తుందనుకుని ముక్కలు చేస్తే, కన్ను లేని ముక్క ఎంతకాలమైనా అలాగే ఉండిపోతుంది. చివర విరిగిన దుంపను నర్సరీలో కొనకండి.

మళ్లీ పెట్టేటప్పుడు దుంపను పడుకోబెట్టి, రెండు అంగుళాల లోతులో నాటండి. చెలక, దుబ్బ నేలలు దీనికి బాగా సరిపోతాయి. నల్లరేగడి ఉన్నవాళ్లు 12 అంగుళాల కుండీ వాడటం మంచిది: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన ఆకు ఎరువు. కుండీలో ఇంకో సౌకర్యం ఉంది. నవంబర్ తర్వాత దాన్ని వాన, పైపు నీళ్లు తగలని నీడకు జరిపేయొచ్చు.

అడవి నుంచి తవ్వి తెచ్చే ఆలోచన వద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మొక్క పీకడం నేరం. పైగా అడవిలో ఈ దుంప తగ్గిపోవడానికి మందుల కోసం తవ్వుకుపోవడమే ఒక పెద్ద కారణం. దుంపలు దొరక్కపోతే గింజలు వేయొచ్చు, కానీ పూత చూడటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

తీగ లేచింది, పూయలేదు

దుంప చిన్నదైనా, ఎండ చాలకపోయినా ఇలా అవుతుంది. ఉదయం ఎండ తగిలి, మధ్యాహ్నం కొంచెం నీడ ఉండే చోటు బాగుంటుంది. ఆకు కొసలే మెలికలు తిరిగి పట్టుకుంటాయి కాబట్టి సన్నని పుల్లలు గానీ, తీగ కంచె గానీ ఆసరాగా ఇవ్వండి. లావు కర్రను అవి చుట్టుకోలేవు.

సంపెంగ లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా

ముదురు ఆకులు ముందు పసుపయితే నత్రజని లోపం, ఎరువు వేస్తే కోలుకుంటుంది. లేత ఆకుల నుంచి మొదలైతే అది ఇనుము లోపం. మన దగ్గర ఎక్కువగా చూసేది ఇదే. నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. కానీ అలాంటి బోరు నీళ్లలో బైకార్బొనేట్లు కూడా ఎక్కువగా ఉంటాయి, నేలను క్షార గుణం వైపు నెట్టేవి అవే. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. కొత్త ఇళ్ల దగ్గర ఇంకో కష్టం కూడా ఉంటుంది. ప్రహరీ పక్కన గుంత తీస్తే సగం సిమెంటు పెళ్లలు, సున్నం ముక్కలే వస్తాయి. సంపెంగ కాస్త ఆమ్ల గుణమున్న నేలను ఇష్టపడే చెట్టు, ఆ గుంతలో పెడితే తప్పకుండా పసుపవుతుంది.

ముందుగా సాయంత్రం పూట లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. వారానికోసారి, రెండు మూడు సార్లు చాలు. అన్నభేదిని మట్టిలో వేస్తే క్షార నేలలో త్వరగా బిగుసుకుపోతుంది, ఫలితం తక్కువ. మట్టిలోనే వేయాలనుకుంటే చిలేటెడ్ ఐరన్ (నేలలో బిగుసుకోకుండా రసాయనంతో పట్టి ఉంచిన ఇనుము) దొరుకుతుంది, అందులో ఈడీడీహెచ్‌ఏ రకం అడగండి. షాపుల్లో మామూలుగా ఇచ్చే ఈడీటీఏ రకం ఇలాంటి నేలలో నిలవదు. వాన నీళ్లు పట్టి పోయగలిగితే అంతకంటే మేలు లేదు. సిమెంటు గుంత అయితే పిచికారీలతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? మొక్క చిన్నగా ఉండగానే వేరే చోటికి మార్చండి.

ఏప్రిల్, మేలో ఆకు అంచులు మాడిపోతున్నాయి

ఏడాదికి 1,500 మిల్లీమీటర్లు, అంతకు మించి వాన పడే తేమ అడవుల చెట్టు ఇది. మన దగ్గర పడేది దాదాపు అందులో సగమే. రోహిణి కార్తె వడగాలి దానికి పెద్ద శిక్ష. మొదటి రెండు మూడు ఎండాకాలాలు పడమటి వైపు షేడ్ నెట్ కట్టండి. సాయంత్రం పూట పాదు లోతుగా తడిసేలా నీళ్లు పెట్టి, పల్లికాయ పొట్టు గానీ ఎండుటాకులు గానీ పరచండి. కాండానికి మాత్రం జానెడు దూరం వదలాలి, లేకపోతే చెదలు ఎక్కుతాయి.

కాండం మీద మట్టి పొరలు

చెదలే. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికే చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించారు. ఇంటి మొక్కకు అంత అవసరం లేదు. మట్టి పొర గీకేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల క్లోరిపైరిఫాస్ కలిపి మొదలు చుట్టూ పోయండి. మాగని పేడ ఎరువు వేయడం మానండి.

ఎన్నేళ్లైనా సంపెంగ పూయదు

గింజ మొక్క అయితే ఏడెనిమిదేళ్లు ఆగాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటు మొక్క రెండు మూడేళ్లకే పూస్తుంది. కొనేటప్పుడు కాండం కింద అంటు గుర్తు చూసుకోండి.

ఇంట్లో చిన్న పిల్లలు, మేకలు ఉన్నారు. అడవినాభి పెట్టొచ్చా?

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. మొక్క అంతా విషమే, దుంప, గింజలు మరీ ఎక్కువ. అందులో ఉన్న కాల్చిసిన్ వల్ల కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు మొదలై ప్రాణం మీదికి వస్తుంది. దుంపను చూసి కందగడ్డ అనుకుని తిన్నవాళ్లున్నారు. పాకే పిల్లలున్న ఇంట్లో, మేకలు తిరిగే వాకిట్లో పెట్టొద్దనే నేను చెబుతాను. పెద్ద పిల్లలుంటే ముందే చెప్పి, బతుకమ్మ కోసం ఈ పూలు కోయకుండా చూడండి. తవ్వేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి. నిల్వ దుంపలను వంటింటి గడ్డలతో కలపకుండా పేరు రాసి పెట్టండి. ఎవరైనా తింటే ఇంటి వైద్యం చూసుకుంటూ కూర్చోకుండా, మిగిలిన దుంప ముక్కతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అడవినాభి ఆకులు రాత్రికి రాత్రే మాయమవుతున్నాయి

నలుపు, తెలుపు, ఎరుపు మచ్చల గొంగళి పురుగులు తింటున్నాయి. లిల్లీ జాతి మొక్కల మీద కూడా ఇవే కనిపిస్తాయి. ఒకటి రెండు కుండీలే అయితే తొడుగులు వేసుకుని ఏరేయండి. ఎక్కువుంటే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెం సబ్బు నీటితో కలిపి సాయంత్రం కొట్టండి, వారం తర్వాత మళ్లీ చూడండి.