విద్యార్థులతో వాతావరణ మార్పుపై సినిమా
3వ పాఠం: జ్ఞాపకాన్ని అడగడం, లెక్కతో సరిచూడడం

గత పాఠంలో ప్రతి జట్టూ తమ పరిసరాల్లో కనిపిస్తున్న మార్పు ఒకటి ఎంచుకుంది: ఎండిపోయిన చెరువు, ముందే పూస్తున్న చెట్టు, రాత్రిపూట కూడా తగ్గని ఉక్క. ఇక కెమెరాతో మనుషుల దగ్గరికి వెళ్లాలి. ఈ పాఠాల్లో తొందరపడకూడనిది ఇదే.

పిల్లలు సాధారణంగా "వాతావరణ మార్పుపై మీ అభిప్రాయం ఏమిటి?" అని మొదలుపెడతారు. అలా అడిగితే ఎక్కడో విన్న మాటలే జవాబుగా వస్తాయి. ప్రశ్నను పనివైపు తిప్పించండి. "ఏ నెలలో విత్తేవారు? ఇప్పుడు ఎప్పుడు విత్తుతున్నారు?" "ఎండాకాలంలో ఎంత పొద్దెక్కేదాకా బయట పని చేయగలిగేవారు?" ఇలా అడిగితే నెలల పేర్లు వస్తాయి, చేతులు కదులుతాయి. జవాబు ముగిసిందనిపించినా వెంటనే మరో ప్రశ్న వేయవద్దని చెప్పండి. అసలు మాట చాలాసార్లు ఆ కాస్త విరామం తర్వాతే వస్తుంది.

ఫోను అడ్డంగా పట్టుకోవాలి, మైకు మాట్లాడేవారికి దగ్గరగా ఉండాలి, వెలుగు ముఖంమీద పడాలి. ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి శబ్దాన్ని అర నిమిషం విడిగా రికార్డు చేసుకోండి. ఎడిటింగులో అతుకులు వినిపించకుండా కాపాడేది అదే.

ఇప్పుడు కష్టమైన సంగతికి వద్దాం. "మా చిన్నతనంలో ఇంత ఎండలు లేవు" అన్న మాట సాక్ష్యమే గానీ, రుజువు కాదు. ఒక ఏడాది ఎండ వాతావరణ మార్పు అయిపోదు. ప్రపంచ వాతావరణ సంస్థ సగటులను 30 ఏళ్లకు లెక్కగడుతుంది. ఇప్పటి ప్రామాణిక కాలం 1991–2020. దగ్గరలోని వాతావరణ కేంద్రం లెక్కలు సంపాదించి, 1961–1990 సగటు పక్కన దీన్ని పెట్టించండి. ఆ లెక్కల గీతను పిల్లలే కాగితంపై గీస్తుండగా చిత్రీకరించండి. పెన్సిల్ పైకి ఎగబాకుతుంటే ప్రేక్షకులకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

జ్ఞాపకం, లెక్క కలవకపోతే? ఏదీ కత్తిరించకండి. చెరువు ఎండడానికి వానలు తగ్గడమే కారణమా, కాలువ పూడిపోయిందా, బోర్లు పెరిగాయా అని పిల్లలు వెతకాలి. ప్రతి కష్టాన్నీ వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే, నిజంగా దాని వల్ల జరిగినదాన్ని కూడా ఎవరూ నమ్మరు. 2011–2020లో భూతలం సగటున 1850–1900 కంటే 1.1 డిగ్రీల సెల్సియస్ వేడెక్కిందనీ, అందుకు కారణం మనుషులేననీ వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2021లో స్పష్టంగా చెప్పింది. ఇంత బలమైన ఆధారం ఉండగా అతిశయోక్తి ఎందుకు?

బహిరంగ ప్రదర్శనకు ముందు, మాట్లాడినవారికి వారి భాగం చూపించాలి. వద్దన్నది తీసేయాలి. వారు సరిదిద్దిన మాట సినిమాను మెరుగుపరుస్తుంది కూడా. పైగా, అలా ముందే చూసినవారు ప్రదర్శన రోజు పదిమందిని వెంటబెట్టుకు వస్తారు.

వచ్చే పాఠానికి అభ్యాసం: ప్రతి జట్టూ ఒకే వ్యక్తిని కలిసి, పనిమీద మూడు ప్రశ్నలు అడిగి, రెండు నిమిషాల ముక్క తేవాలి. దానితోపాటు ఆ మాటను సరిచూసే లెక్క ఒకటి కూడా. రెండూ పక్కపక్కన పెట్టి ఎడిటింగ్ మొదలుపెడదాం.