మీ పేరుతో ఇంకెవరూ పందెం కాయకుండా

నేను కొన్నేళ్లు ఒక ఆన్‌లైన్ బెట్టింగ్ కంపెనీలో ఖాతాల తనిఖీ విభాగంలో పనిచేశాను. ఆటగాళ్లు పంపిన గుర్తింపు కార్డుల ఫోటోలు చూసి అసలువో నకిలీవో తేల్చడం, అనుమానం వస్తే డబ్బు బయటికి పోకుండా ఆపడం నా పని. ఈ ఆటలు ఆడాలా వద్దా అన్న చర్చలోకి నేను పోవడం లేదు. చాలాచోట్ల చట్టమే వద్దంటుంది. మీరున్న చోట సంగతేమిటో ముందు కనుక్కోండి. చట్టం ఒప్పుకోని చోట మోసపోతే ఫిర్యాదు చేయడానికి కూడా ముందూ వెనకా ఆలోచించాల్సి వస్తుంది. ఇప్పటికే ఖాతా ఉన్నవాళ్లు, ఎప్పుడో తెరిచి మరిచిపోయినవాళ్లు, తమ పేరు మీద ఎవరైనా తెరిచారేమోనని అనుమానం ఉన్నవాళ్లు, వీళ్ల కోసమే రాస్తున్నాను.

ఎవరిని అడిగినా ఖాతాలో ఉన్న డబ్బు గురించే భయపడతారు. నేను చూసినంతలో, త్వరగా చెప్పినవాళ్లకు డబ్బు చాలాసార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి బయటపడిన గుర్తింపు కార్డు ఫోటోను మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే కింద చెప్పేవాటిలో కార్డుల గురించి ఎక్కువ ఉంటుంది. ముందు పాస్‌వర్డు సంగతి చూద్దాం.

2022 నవంబరులో అమెరికాలో డ్రాఫ్ట్‌కింగ్స్ అనే బెట్టింగ్ సైటు ఖాతాల మీద దాడి జరిగింది. దొంగలు ఆ కంపెనీ సర్వర్లలోకి చొరబడలేదు. వేరే సైట్ల నుంచి ఎప్పుడో లీకైన మెయిల్ ఐడీలు, పాస్‌వర్డుల జాబితాలు తీసుకుని ఇక్కడ ఒక్కొక్కటే తగిలించి చూశారు. రెండుచోట్లా ఒకే పాస్‌వర్డు పెట్టుకున్నవాళ్ల ఖాతాలు తెరుచుకున్నాయి. అమెరికా ప్రభుత్వ న్యాయవాదుల లెక్క ప్రకారం దాదాపు 60 వేల ఖాతాలు అలా దొరికాయి. వాటిలో సుమారు 1,600 ఖాతాల నుంచి 6 లక్షల డాలర్ల దాకా పోయాయి. డబ్బు తీసిన పద్ధతి గుర్తుపెట్టుకోండి: దొంగ ముందు తన చెల్లింపు మార్గాన్ని ఆ ఖాతాకు జతచేస్తాడు, అది పనిచేస్తుందని రుజువు చేయడానికి 5 డాలర్లు తానే వేస్తాడు, తర్వాత ఉన్నదంతా అదే దారిన లాగేస్తాడు. ఈ కేసులో ఒక కుర్రాడికి 2024లో జైలుశిక్ష పడింది.

మా దగ్గర లాగ్‌లోనూ ఇదే వరస కనిపించేది. అర్ధరాత్రి దాటాక కొత్త ఫోను నుంచి లాగిన్. కాసేపటికి ఫోన్ నంబరు మార్పు. వెంటనే కొత్త బ్యాంకు ఖాతా. చిన్న డిపాజిట్. ఒక్క పందెం కూడా కాయకుండా మొత్తం విత్‌డ్రా. అసలు మనిషికి ఆ ప్రతి మెట్టు దగ్గరా ఒక మెయిల్ వెళ్లేది. వాళ్లు పొద్దున లేచి చూసేసరికి పని అయిపోయేది. ఇంకొందరి విషయంలో దొంగ వాళ్ల మెయిల్‌లోకే దూరి, మా కంపెనీ పేరుతో వచ్చే ఉత్తరాలు నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఫిల్టర్ పెట్టేవాడు.

కాబట్టి పని మెయిల్ దగ్గర మొదలుపెట్టండి. బెట్టింగ్ ఖాతాకు తాళం ఎంత గట్టిదైనా, పాస్‌వర్డు మరిచిపోయాను అని నొక్కితే లింకు వచ్చేది మెయిల్‌కే. ముందు దానికి రెండంచెల రక్షణ (పాస్‌వర్డు కొట్టాక ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి. ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ సెట్టింగులు ఒకసారి తెరిచి మీరు పెట్టనివి ఉంటే తీసేయండి. మీ ఐడీ ఏ లీకులోనైనా బయటపడిందో లేదో హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. వీలైతే బెట్టింగ్ సైటుకు విడిగా ఒక మెయిల్ ఐడీ వాడండి, అది ఇంకెక్కడా ఇవ్వకండి. పాస్‌వర్డు మాత్రం ఏ సైటుకు ఆ సైటుదే ఉండాలి. అన్నీ గుర్తుండవు కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి.

సైటులో రెండో అంచెకు ఎస్సెమ్మెస్, ఆథెంటికేటర్ యాప్ రెండూ ఉంటే యాప్ ఎంచుకోండి. టెలికాం కంపెనీని బురిడీ కొట్టించి మీ నంబరుతో కొత్త సిమ్ తీసుకున్నవాడికి మీ ఓటీపీలన్నీ పోతాయి. యాప్‌లో 30 సెకన్లకొకసారి మారే కోడ్ మీ ఫోనులోనే పుడుతుంది. దానికీ ఒక లోటుంది: నకిలీ సైటులో మీ చేతులతో మీరే కోడ్ కొడితే, ఆ సైటు పెట్టిన దొంగ అదే నిమిషంలో అసలు సైటులో దాన్ని వాడేస్తాడు. పాస్‌కీ (పాస్‌వర్డుకు బదులు మీ ఫోనులోనే ఉండే డిజిటల్ తాళంచెవి) ఉంటే ఆ బాధ లేదు, అది అసలు చిరునామాకు తప్ప స్పందించదు. యాప్ అందుబాటులో లేనప్పుడు వాడుకోవడానికి సైటు ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి దాచండి. ఫోను పోయినప్పుడు విలువ తెలుస్తుంది.

ఖాతాలో కార్డు సేవ్ చేసి ఉంచకండి, గెలిచిన డబ్బు అక్కడే వదిలేయకండి. విత్‌డ్రా అలర్ట్, కొత్త పరికరం అలర్ట్ ఉంటే రెండూ ఆన్ చేయండి. కొత్త బ్యాంకు ఖాతా జతచేస్తే కొంత సమయం ఆగాకే డబ్బు పంపే ఏర్పాటు కొన్ని సైట్లలో ఉంటుంది. విసుగనిపించినా దాన్ని తీసేయకండి. డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెనక్కి పంపుతామనే నియమం మీద చాలామంది మాతో గొడవపడేవాళ్లు. ఆ నియమం వాళ్ల మేలుకే.

ఇక కార్డుల సంగతి. ఒకసారి నా వరసలో కొన్ని కొత్త ఖాతాలు వచ్చాయి. పేర్లు వేరు, ముఖాలు వేరు, ఊళ్లు వేరు. కార్డులన్నీ అసలైనవే. కానీ ప్రతి కార్డూ ఒకే పూల దుప్పటి మీద పెట్టి తీసిన ఫోటోలో ఉంది. దుప్పటి మీద ఎడమ పైమూలన ఒకే మడత, కార్డు మీద ఒకే వైపు నుంచి పడిన వెలుగు. అంటే ఎవరో ఒకరు ఆ కార్డుల కాపీలు ముద్రించుకుని, తన మంచం మీద పరిచి ఫోటోలు తీస్తున్నాడన్నమాట. వాటి అసలు యజమానుల్లో కొందరితో మా వాళ్లు మాట్లాడితే, ఉద్యోగం ఇప్పిస్తానన్న ఎవరికో వాట్సాప్‌లో కార్డు రెండువైపులా, చేతిలో పట్టుకున్న సెల్ఫీ పంపామని చెప్పారు. వాళ్లలో చాలామంది జన్మలో పందెం కాసినవాళ్లు కారు. ప్రతి కొత్త ఖాతాకు ఇచ్చే బోనస్ కొట్టేయడానికి, దొంగ డబ్బు తిప్పడానికి వాళ్ల పేర్లు వాడారు.

కాబట్టి కార్డు పంపేముందు మొదట చూడాల్సింది ఎవరికి పంపుతున్నారనేది. సైటు అడుగున కనిపించే లైసెన్స్ బొమ్మ ఒక బొమ్మే, ఎవరైనా అంటించుకోవచ్చు. లైసెన్స్ ఇచ్చిన సంస్థ సొంత వెబ్‌సైటుకు మీరే వెళ్లి, అక్కడి జాబితాలో ఈ కంపెనీ పేరూ, మీరు వాడే వెబ్ చిరునామా అక్షరం అక్షరం ఉన్నాయా అని చూడండి. బ్రిటన్‌లోని గ్యాంబ్లింగ్ కమిషన్, మాల్టా గేమింగ్ అథారిటీ లాంటివి ఈ జాబితాలు అందరికీ కనిపించేలా పెడతాయి. బ్రిటన్‌లో 2019 మే నుంచి పేరు, చిరునామా, పుట్టిన తేదీ సరిచూడకుండా ఆడనివ్వడానికే వీల్లేదు. డబ్బులు వేసేటప్పుడు ఏమీ అడగకుండా, గెలిచాక మాత్రం అది పంపు ఇది పంపు అనే సైటును నేను నమ్మను.

రెండోది, ఏ దారిన పంపుతున్నారనేది. మీ ఖాతాలోకి లాగిన్ అయ్యాక అక్కడున్న అప్‌లోడ్ పేజీలోనే ఇవ్వండి. వాట్సాప్, టెలిగ్రామ్, మెయిల్ అటాచ్‌మెంట్ వద్దు. కాపీ మీద అడ్డంగా సైటు పేరు, తేదీ, 'ఖాతా తనిఖీకి మాత్రమే' అని రాయండి. ముఖం, పేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ మీద ఆ రాత పడకపోతే మేం సాధారణంగా ఒప్పుకునేవాళ్లం. ఒప్పుకోకపోతే కారణం రాతపూర్వకంగా అడగండి. బ్యాంకు కార్డు ఫోటో అడిగితే మొదటి 6 అంకెలు, చివరి 4 అంకెలు కనిపించేలా ఉంచి మధ్యవి కప్పేయండి, వెనకున్న సీవీవీ ఎట్టి పరిస్థితుల్లోనూ చూపకండి. పంపాక ఫోను గ్యాలరీలో, డిలీట్ చేసినవి చేరే బుట్టలో, క్లౌడ్ బ్యాకప్‌లో మూడుచోట్లా చెరిపేయండి. ముఖం కుడికి తిప్పు, ఎడమకి తిప్పు అనే వీడియో తనిఖీ ఎవరో పంపిన లింకులో చేయొద్దు. మీరు తల తిప్పుతున్నది వాడు మీ పేరున ఇంకోచోట తెరుస్తున్న ఖాతా కోసం కావచ్చు.

ఖాతా అద్దెకిస్తే కమీషన్ ఇస్తామనేవాళ్లు తగులుతారు. ఇవ్వకండి. దానిలో తిరిగే డబ్బు ఎవరిదో మీకు తెలియదు, పోలీసులు వచ్చేది మాత్రం మీ దగ్గరికే. కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లతో, స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమనేవాళ్లతో మాట పొడిగించకుండా ఫోన్ పెట్టేయండి. పోయిన డబ్బు రాబట్టిస్తాం, ముందు ఫీజు కట్టండి అనేవాళ్లదీ అదే ముఠా అనుకోండి.

చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాల్సింది ఒకటుంది. మా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో కొన్నింటిలో పరికరం, ఇంటర్నెట్ కనెక్షన్ రెండూ ఫిర్యాదు చేసినవాళ్ల ఇంటివే. కొడుకో తమ్ముడో నాన్న కార్డు ఫోటో తీసి ఖాతా తెరిచి ఉంటాడు. అలాంటప్పుడు కేకలేసి ఫోను లాక్కుంటే ఇంకో పేరుతో ఇంకో ఖాతా పుడుతుంది. ముందు ఆ ఖాతా మూయించండి, మీ పేరును స్వీయ నిషేధ జాబితాలో, అంటే నన్ను ఆడనివ్వొద్దని ఎవరికి వారే పేరు ఇచ్చుకునే జాబితాలో, పెట్టించండి (బ్రిటన్‌లో గ్యామ్‌స్టాప్ ఇలాంటిదే), ఆ పిల్లవాడు ఎంత అప్పుల్లో ఉన్నాడో తిట్టకుండా అడగండి. చాలాసార్లు అసలు విషయం అక్కడుంటుంది.

ఖాతా దొంగల చేతిలో పడిందని తెలిస్తే వరస ముఖ్యం. ముందు మెయిల్ పాస్‌వర్డు మార్చి, మిగతా పరికరాలన్నింటి నుంచీ లాగౌట్ చేయండి. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి. ఆ తర్వాత సైటుకు రాసి ఖాతా ఫ్రీజ్ చేయమనండి. మెయిల్ ఇంకా దొంగ చేతిలోనే ఉంటే, మీరు సైటుకు రాసిన ఉత్తరం వాడే చదివి మీ పేరుతో జవాబిస్తాడు. చాట్‌లో మాట్లాడినా సరే, తర్వాత మెయిల్ కూడా పెట్టి టికెట్ నంబరు తీసుకోండి. స్క్రీన్‌షాట్లతో పోలీసు ఫిర్యాదు ఇవ్వండి.

మీరు తెరవని ఖాతా మీ పేరున ఉందని ఎలా తెలుస్తుంది? తెలియని సైటు నుంచి స్వాగతం అంటూ మెయిల్ వస్తుంది, లేదా మీరు చేరబోతే ఈ వివరాలతో ఖాతా ఇప్పటికే ఉందంటారు, లేదా క్రెడిట్ రిపోర్టులో అడగని అప్పు కనిపిస్తుంది. ఆ మెయిల్‌లోని లింకు నొక్కకుండా, సైటు అసలు చిరునామా వెతికి ఇలా రాయండి: 'నా పేరుతో మీ దగ్గర ఉన్న ఖాతా నేను తెరవలేదు. వెంటనే ఆపండి. అది తెరిచిన తేదీ, వాడిన మెయిల్, ఫోన్ నంబరు, లాగిన్ అయిన ఐపీ చిరునామాలు, వచ్చిన గుర్తింపు పత్రాల కాపీలు చెరపకుండా భద్రపరచండి. నా పేరు మీద మీ దగ్గరున్న సమాచారం నాకివ్వండి. నాకు ఏ బాకీ లేదని రాతపూర్వకంగా తెలపండి.'

మీరెవరో రుజువు చేయమని వాళ్లు అడగడం న్యాయమే. అప్పుడు కూడా పైన చెప్పినట్టు అడ్డంగా రాసి, తేదీ వేసిన కాపీనే ఇవ్వండి. మొత్తం చెరిపేయమని మాత్రం అప్పుడే అడగొద్దు, కేసుకు సాక్ష్యం అదే. అదీగాక, మనీ లాండరింగ్ నిరోధానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఖాతా మూశాక కూడా కనీసం 5 ఏళ్లు ఆ పత్రాలు ఉంచాలి కాబట్టి వాళ్లు చెరపలేరు కూడా. మూసిన తేదీ ఉన్న జవాబును దాచుకుని, గడువు తీరాక ఆ తేదీ చూపించి చెరిపేయమని మళ్లీ రాయండి.