చాప మీద కూర్చునే టీచర్: వి.బి.ఎస్. వాలంటీర్ పాఠాలు, మూడో భాగం

గత పాఠంలో వి.బి.ఎస్.కు, అంటే వేసవి సెలవుల్లో చర్చి పిల్లల కోసం నడిపే వెకేషన్ బైబిల్ స్కూల్‌కు, వచ్చే పిల్లల పేర్లు రాసుకోవడం, వయసును బట్టి గుంపులు చేయడం చూశాం. ఇవాళ నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లల క్లాసులోకి, అంటే బిగినర్స్‌లోకి వెళ్దాం. వాలంటీర్‌గా పేరిచ్చే ఇంటర్, డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది మొదట అడిగేది "నాకు కథ చెప్పే ఛాన్స్ ఇస్తారా?" అనే. క్లాసుకు కథ చెప్పేవారు ఒక్కరు చాలు. ఆ కథ పిల్లల చెవుల్లోకి దిగాలంటే మాత్రం వాళ్ళ మధ్య, చాప మీద కూర్చునే మనిషి ఉండి తీరాలి. ఈ పాఠంలో ఆ మనిషిని చాప టీచర్ అందాం. నన్నడిగితే వి.బి.ఎస్. మొత్తంలో అన్నిటికన్నా నేర్పు కావాల్సిన పని ఇదే. స్టేజీ మీద కనబడదు కాబట్టి ఎవరూ నేర్పరు.

ఎక్కడ కూర్చోవాలి

ఇరవై మంది చిన్నపిల్లలుంటే కథ చెప్పేవారు కాక ఇద్దరు కావాలి. ఒకరు చాప మీద, ఇంకొకరు గుమ్మం దగ్గర. గుమ్మం దగ్గరి మనిషి వచ్చేపోయేవాళ్ళను, చెప్పులను, నీళ్ళను చూసుకుంటారు. చాప టీచర్ వాటి జోలికి పోకూడదు.

వెనక గోడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే మీకు పిల్లల వీపులే కనిపిస్తాయి. నిద్రొస్తున్నది ఎవరికో, ఏడుపు ఆపుకుంటున్నది ఎవరో తెలియదు. రెండో వరుసలో, బాగా ఒక పక్కకు, కాళ్ళు మడిచి కూర్చోండి. నడిమధ్యలో కూర్చుంటే వెనకవాళ్ళకు మీ తల అడ్డం. పక్కకు కూర్చుని కొంచెం లోపలికి తిరిగితే ముఖాలన్నీ కనిపిస్తాయి.

మీకు అటూ ఇటూ ఎవరు కూర్చోవాలో ముందే అనుకోండి. ఒక పక్క కొత్తగా వచ్చి బెరుకుగా ఉన్న బిడ్డ, రెండో పక్క పక్కవాళ్ళను తోసే బిడ్డ. తోసే పిల్లవాడిని దూరం నుంచి పేరు పెట్టి గదిమితే క్లాసంతా అటు తిరుగుతుంది, కథ పోతుంది. మాట్లాడకుండా లేచి వెళ్ళి వాడికీ, వాడు తోస్తున్న బిడ్డకూ మధ్య కూర్చోండి, సరిపోతుంది.

మొదటిరోజు అమ్మ కొంగు వదలని బిడ్డను ఊడబెరికి లోపలికి తేవద్దు. అమ్మను కాసేపు గుమ్మం దగ్గరే కూర్చోనివ్వండి. బిడ్డ చేతికి ఒక పని ఇవ్వండి: "ఈ గొర్రెపిల్లను నువ్వు పట్టుకోవాలె, నేను అడిగినప్పుడు ఇయ్యాలె." చేతిలో పని ఉన్న బిడ్డకు ఏడుపు త్వరగా ఆగుతుంది. అమ్మ వెళ్ళేటప్పుడు మాత్రం బిడ్డకు చెప్పి వెళ్ళాలి. కళ్ళుగప్పి వెళ్తే ఆ బిడ్డ మర్నాడు గేటు కూడా దాటదు.

వంత పట్టడం

మన ఓరుగల్లు వైపు సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర చూసినవాళ్ళకు ఒగ్గుకథ, అంటే డోలు వాయిస్తూ బృందంగా చెప్పే జానపద కథ, తెలుసు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారు ఆ కళకు దేశమంతా పేరు తెచ్చారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు. పక్కన ఉన్నవాళ్ళు ఊఁ కొడతారు, ఆశ్చర్యపోతారు, "ఆ తర్వాత ఏమాయె?" అని అడుగుతారు. వినేవాళ్ళ నోట్లో మెదిలే ప్రశ్నను వంతవాళ్ళు ముందుగా అందుకుంటారు. గంటలకొద్దీ జనం కదలకుండా కూర్చోవడానికి డోలు ఎంత కారణమో ఈ వంత కూడా అంతే. చాప టీచర్ చేయాల్సింది ఇదే, కాకపోతే పిల్లల పక్కన కూర్చుని.

తప్పిపోయిన గొర్రె కథనే తీసుకుందాం. ముందు సామాను. మన వైపు పత్తి పండే ఇళ్ళు చాలా ఉన్నాయి, దూది దొరకడం కష్టం కాదు. నిమ్మకాయంత దూది ఉండలు పది చేయండి, అవే మంద. చింతగింజలు, గులకరాళ్ళు వద్దు, ఈ వయసు పిల్లలు ముక్కులో, నోట్లో పెట్టుకుంటారు. కథ చెప్పే అక్క భుజాన గొంగడి, చేతిలో కర్ర ఉంటే బాగుంటుంది. మే నెలలో గొంగడి కప్పుకోకండి, భుజాన వేసుకుంటే చాలు. మన పిల్లలకు కాపరి అంటే ఎవరో చెప్పనక్కర లేదు. రోడ్డుకు మంద అడ్డం వచ్చి బస్సు ఆగడం వాళ్ళు చూసిందే.

కథ మొదలవకముందే చాప టీచర్ ఒక దూది ఉండను గుప్పిట్లో దాచుకుంటారు.

అక్క: "ఒక కాపరి ఉన్నడు. ఆయనకు మస్తు గొర్రెలు. అన్నీ కలిపితే వంద!"

చాప టీచర్: "వందనా! గన్ని గొర్రెలను ఎట్ల గుర్తువడతడు?"

అక్క: "ఒక్కొక్కదాన్ని ఎరికపడతడు. పొద్దుగూకినంక లెక్క పెట్టిండు. తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది..."

ఇక్కడ అక్క ఆగాలి. చాప టీచర్ పక్కనున్న బిడ్డ వైపు తిరిగి, నిజంగా కంగారుపడుతూ, "ఒకటి తక్కువున్నది! ఏడికి పోయిందిరా?" అనాలి. తర్వాత నోరు మెదపకూడదు. మనసులో ఐదు లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం పెద్దవాళ్ళకు టెన్షన్‌గా ఉంటుంది, పిల్లలకు మాత్రం అది ఆలోచించుకునే సమయం. "ముండ్లల్ల ఇరుక్కున్నది", "బాయిల పడ్డది", "కుక్క ఎత్కపోయింది" అంటూ జవాబులు వస్తాయి. పిల్లలు ఇంట్లో మాట్లాడే మాటే మాట్లాడతారు, దాన్ని దిద్దొద్దు. అక్క అందులో ఒక జవాబు పట్టుకుని, "అవును, ముండ్లల్లనే వెతుకుదాం" అని కథ నడపాలి. పిల్లలను లేపి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉన్నచోటే నడిపించాలి. కాళ్ళు కదిలితేనే ఇంకో ఐదారు నిమిషాలు కూర్చోగలుగుతారు.

గొర్రె దొరికినప్పుడు చాప టీచర్ గుప్పిట విప్పి, అందరికంటే వెనక, మాట్లాడకుండా ఉన్న బిడ్డ చేతిలో ఆ దూది ఉండ పెడతారు. ఆ బిడ్డ వచ్చి మందలో కలుపుతుంది. కాపరి దాన్ని భుజాల మీద ఎత్తుకుని వచ్చాడని, చుట్టుపక్కల వాళ్ళను పిలిచి సంతోషపడ్డాడని లూకా సువార్త 15వ అధ్యాయంలో ఉంది. అక్కడ అందరూ చప్పట్లు కొట్టాలి.

ఎవరో ఒక బిడ్డ "మరి తొంభై తొమ్మిది ఒక్కయే ఉంటే భయం కాదా?" అని అడుగుతుంది. మంచి ప్రశ్న, తోసేయకండి. "అవి ఒకదానికొకటి తోడున్నయి. ఆ ఒక్కదానికే తోడు లేదు" అని చెబితే ఐదేళ్ళ బిడ్డకు అర్థమవుతుంది.

అక్క మధ్యలో మర్చిపోతే చాప టీచర్ కథ అందుకోవద్దు. "అక్కా, దొరికినంక కాపరి ఏం చేసిండు?" అని అడిగితే ఆమెకే గుర్తొస్తుంది. తప్పు చెప్పినా పిల్లల ముందు దిద్దొద్దు, తర్వాత మాట్లాడుకోవచ్చు. "అల్లరి చేస్తే దేవుడు నిన్ను వదిలేస్తడు" లాంటి మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. వదిలేయని కాపరి కథ చెప్పి ఆ మాట అంటే, పిల్లలకు గుర్తుండేది ఆ భయమే.

కంఠత వాక్యం

"యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు." చేతులతో చేస్తే ఈ వయసు పిల్లలకు త్వరగా వస్తుంది. పైకి చూపించడం, గుండె మీద చెయ్యి, కర్ర పట్టుకున్నట్టు పిడికిలి, చివర రెండు చేతులూ అడ్డంగా ఊపడం. ఎదురుగా నిలబడ్డవాళ్ళు కుడిచెయ్యి ఎత్తితే పిల్లలు ఎడమచెయ్యి ఎత్తుతారు. చాప టీచర్ పిల్లలు చూసే వైపే చూస్తూ చేస్తారు కాబట్టి వాళ్ళకు పక్కచూపుతోనే సరిగ్గా వచ్చేస్తుంది. బట్టీ అప్పజెప్పలేని బిడ్డను నిలబెట్టొద్దు.

ఎండ

బడులు ఏప్రిల్ ఆఖరు వారంలో మూస్తారు, జూన్ 11 దాకా సెలవులు. మన వి.బి.ఎస్. పడేది సరిగ్గా ఎండ ముదిరే రోజుల్లో. ఓరుగల్లులో మేలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు. పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు ఇళ్ళకు పంపాలి. పన్నెండింటి దాకా సాగదీయడం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు, పాస్టర్ గారితో నెమ్మదిగా, గట్టిగా మాట్లాడండి. రేకుల షెడ్డు కింద చిన్నపిల్లల క్లాసు పెట్టొద్దు.

దాహమైందని చిన్నపిల్లలు చెప్పరు. అరగంటకోసారి అందరితో తాగించండి. గంతులేసే బిడ్డ ఉన్నట్టుండి స్తబ్ధుగా కూర్చుంటే, పెదాలు ఎండితే, తలనొప్పి అంటే, ముందు గమనించేది పక్కనున్న మీరే. నీడకు తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడిచి, ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా తాగించండి. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, అన్నీ తలకొట్టుగా. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా ఒళ్ళు చల్లబరుస్తూ ఉండండి. చిరుతిండిలో పల్లీలు ఇవ్వకండి, ఈ వయసులో గొంతుకు అడ్డం పడతాయి. అరటిపండు మేలు.

ఒంటరిగా ఉండకపోవడం

ఇది రాయడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అన్నిటికన్నా శ్రద్ధగా చదవండి. ఏ వాలంటీరూ, ఎంత మంచివారైనా, మూసిన తలుపు వెనక ఒక్క బిడ్డతో ఉండకూడదు. బాత్రూమ్‌కు పిల్లలను ఇద్దరిద్దరిగా పంపాలి, వెంట ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళాలి, అందులో ఒక మహిళ ఉండాలి. తలుపు బయటే నిలబడాలి. పిల్లల ఫోటోలు తీసి స్టేటస్‌లో పెట్టొద్దు. ఇంటికి పంపేటప్పుడు పేరు రాసి ఇచ్చినవారి చేతికే అప్పగించాలి.

పక్కన రోజూ కూర్చునే మనిషితో బిడ్డ ఒక్కోసారి మనసులోది చెప్పేస్తుంది. ఎవరో తాకారనో, కొట్టారనో. అప్పుడు వినండి. గుచ్చి గుచ్చి అడగొద్దు, "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు. "చెప్పి మంచి పని చేసినవ్" అనండి. బిడ్డ అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టుకుని, అదే రోజు కోఆర్డినేటర్‌కు చెప్పండి. లైంగిక వేధింపు అయితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసిన ఎవరైనా సరే పోలీసులకు తెలియజేయాలి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ పగలూ రాత్రీ పనిచేస్తుంది. తప్పు చేసినట్టు బిడ్డ చెప్పింది సంఘంలోని పెద్దమనిషి గురించైనా సరే, సంఘం లోపల పంచాయితీ పెట్టి తేల్చే విషయం కాదిది.

అందరి ఇళ్ళ పిల్లలు

1898లో న్యూయార్క్‌లో ఒక డాక్టర్ గారి భార్య వేసవిలో వీధుల వెంట తిరిగే పిల్లల కోసం ఇలాంటి బడి మొదలుపెట్టారు. ఇవాళ కాజీపేటలోనైనా, పరకాలలోనైనా వి.బి.ఎస్.కు సంఘం పిల్లలతో పాటు వాడలోని హిందూ, ముస్లిం ఇళ్ళ పిల్లలూ వస్తారు. ఇక్కడ బైబిలు కథలు, పాటలు ఉంటాయని వాళ్ళ అమ్మానాన్నలకు మొదటిరోజే చెప్పి, సరేనంటేనే పేరు రాసుకోండి. బొట్టు పెట్టుకున్న పాపను, టోపీ పెట్టుకున్న బాబును దాని గురించి ఒక్క మాట అడగొద్దు. ప్రార్థనకు కళ్ళు మూయని బిడ్డను అలాగే ఉండనివ్వండి. చాప మీద వాళ్ళకూ మీ పక్కన చోటు ఉండాలి.

అభ్యాసం

వచ్చే పాఠంలోగా ఒక స్నేహితురాలితోనో, తమ్ముడితోనో కలిసి ఈ కథను రెండుసార్లు చెప్పి చూడండి. మొదట మీరు అక్క, తర్వాత మీరు చాప టీచర్. ప్రశ్న అడిగాక ఐదు లెక్కపెట్టేదాకా ఆగగలుగుతున్నారా లేదా చూసుకోండి. ఇంటి పక్కన ఐదేళ్ళ బిడ్డ ఉంటే, అమ్మానాన్నలను అడిగి, వాళ్ళ ముందే ఆ బిడ్డకు చెప్పండి. బిడ్డ అడిగిన ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాసుకోండి, నాలుగో పాఠంలో క్రాఫ్ట్ తయారీకి అవి అవసరమవుతాయి. దూది ఉండలు కూడా దాచి ఉంచండి.