చిమ్నీలో పోయే వేడికి లెక్క కట్టే ముందు

హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు కిల్న్, అంటే సున్నపురాయి పొడిని కాల్చే పెద్ద కొలిమి, చూసుకున్నాను. చలికాలం నైట్ షిఫ్టులో, ఆ పొడిని కిల్న్‌లోకి పోయే ముందే వేడిచేసే ప్రీహీటర్ టవర్ ఎక్కితే స్వెటర్ అక్కర్లేదు. ఆ వేడితో కరెంటు తీద్దామని మీ యాజమాన్యం కూడా అంటుంటే, బాయిలర్ కంపెనీవాళ్లను పిలిచే ముందు వేడి కొలవండి.

ప్రీహీటర్ గ్యాస్ 300 డిగ్రీల పైన బయటికొస్తుంది, నిజమే. కానీ అదంతా వృథా కాదు. రాయిని పొడిచేసే రా మిల్లులో సున్నపురాయి ఆరేది దానితోనే. మేం ఏప్రిల్‌లో కొలిచి బాయిలర్ సైజు ఖాయం చేశాం. వానలకు రాయి తడిసింది, మిల్లు తన వాటా లాక్కుంది, టర్బైన్ లోడు దిగిపోయింది. జూలై, ఆగస్టు రీడింగులు లేకుండా సంతకం పెట్టకండి. ప్రీహీటర్‌లో గాలి లీకులు కూడా ముందే మూయించండి. చల్లగాలి దూరితే డిగ్రీలు పడిపోతాయి. వెల్డర్ వారం రోజుల్లో చేసే పని అది.

ఇక లెక్క. కిల్న్‌లోంచి గడ్డలుగా వచ్చే క్లింకర్ టన్నుకు 30 యూనిట్ల కరెంటు వస్తుందనుకుందాం. రోజుకు 3,000 టన్నులైతే 90,000 యూనిట్లు. పంపులు, ఫ్యాన్లు తినేది పోగా 83,000. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున రోజుకు 58 టన్నులు. 320 రోజులు నడిస్తే దాదాపు 18,500 టన్నులు. అలా తగ్గిన టన్నుకొక కార్బన్ క్రెడిట్, అంటే అమ్ముకోగల పత్రం.

ఈ అంకె చూసి మా ఎండీగారు స్వీట్లు పంచారు. తొందరపడ్డారు. అప్పటి క్యోటో ఒప్పందం పద్ధతిలో పర్చేజ్ ఆర్డర్ ఇచ్చిన 180 రోజుల్లోపు, క్రెడిట్ల కోసమే చేస్తున్నామని రాసి పంపాల్సి ఉండేది. మేం ఆర్డర్ ఇచ్చేసి ఆ కాగితం మరిచిపోయాం. టర్బైన్ తిరిగింది, క్రెడిట్ ఒక్కటీ రాలేదు.

ఇప్పుడు దారి వేరు. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ తెచ్చింది. సిమెంట్‌లో ఒక్కో ప్లాంటుకు, టన్ను ఉత్పత్తికి ఇంత ఉద్గారమని లక్ష్యం పెడతారు. అంతకంటే తగ్గించిన దానికే సర్టిఫికెట్. కాబట్టి ఆ 18,500లో ఎక్కువ భాగం లక్ష్యం అందుకోవడానికే సరిపోవచ్చు. బ్యాంకువాళ్లకిచ్చే రిపోర్టులో అసలు రాబడి కింద తగ్గే కరెంటు బిల్లునే చూపించండి, క్రెడిట్లను పైసంపాదనగా రాయండి.

టర్బైన్ మొదలైన రోజే మీటర్ కాలిబ్రేషన్ (రీడింగ్ సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష) గడువు తేదీని కంట్రోల్ రూమ్ బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి. అది దాటితే ఆడిటర్ మీ యూనిట్లకు కోత పెడతాడు.