కోడి గేదె ఎక్కింది, ఫొటో మాత్రం రాలేదు: సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి వైపు పెరళ్లలో నవ్వొచ్చే సంగతులకు కొదవ లేదు. పడుకున్న గేదె వీపు మీద కోడిపెట్ట కునుకు తీస్తుంది. మేకపిల్ల గడ్డిమేటు ఎక్కేసి, దిగడం తెలియక అరుస్తుంది. అవి ఫొటోలో సరిగ్గా పడకపోతే జనం మా సెల్ షాపుకి వచ్చి "కెమెరా పోయిందేటి, బావూ?" అంటారు. చాలావరకు కెమెరా బాగానే ఉంటుంది.

ఫొటో అంతా పాలిపోయినట్టు ఉంది, వెలుతురు ఉన్నచోట గీతలు సాగాయి

లెన్స్ మీద జిడ్డు. తుడవండి. ఇది చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. వంటింట్లో పోపు పెడుతున్న చేత్తోనే ఫోన్ అందుకుని పెరట్లోకి పరిగెడితే లెన్స్ మీద నూనె వేలిముద్ర పడకుండా ఎలా ఉంటుంది? మెత్తటి నూలు గుడ్డ చాలు. కింద చెప్పినవన్నీ ఈ పని చేశాకే చూడండి.

ఫోన్ తెరిచేలోపే కోడి దిగిపోయింది

ప్యాటర్న్ గీసి, కెమెరా బొమ్మ వెతికి, నొక్కేదాకా ఏ జంతువూ ఆగదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే లాక్ తీయకుండానే కెమెరా వస్తుంది. రాకపోతే సెట్టింగ్స్‌లో వెతికి ఆన్ చేసుకోండి.

కోడి ఒక్కటే అలుక్కుపోయింది, వెనక గోడ మాత్రం శుభ్రంగా ఉంది

అసలు దొంగ ఇదే. అందరూ "చెయ్యి వణికింది" అనుకుంటారు. చెయ్యి వణికితే గోడ కూడా అలుక్కుపోవాలి కదా. గోడ బాగుండి కోడి చెదిరిందంటే, షటర్ (కెమెరా లోపలికి వెలుతురు వదిలే తలుపు లాంటిది) తెరిచి ఉన్నంతసేపూ కోడి కదిలిందన్నమాట.

దీనికి మూలం నీడ. తిత్లీ తుపానుకి 2018లో చెట్లు కూలిన పెరళ్లలో వెలుతురు బాగానే పడుతుంది. పనస, కొబ్బరి గుబురుగా మిగిలినచోట సాయంత్రం నాలుగు దాటితే మసకే. మన కంటికి ఆ మసక తెలియదు, ఫోన్‌కి తెలుస్తుంది. వెలుతురు చాలక షటర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. గూగుల్ ఫొటోస్‌లో ఆ ఫొటోని పైకి జరిపితే వివరాల్లో 1/20, 1/25 లాంటి అంకె కనిపిస్తుంది. సెకనులో అంత భాగం షటర్ తెరిచి ఉందని దానర్థం. పడుకున్న గేదెకి అది చాలు, రెక్కలు కొట్టే కోడికి చాలదు. ఫ్లాష్ వేయకండి. దూరం అందదు సరికదా, కోడి బెదిరిపోతుంది.

కెమెరా యాప్‌లో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే పెట్టుకునేది) ఉంటే షటర్ స్పీడ్ 1/500 పెట్టి, ఐఎస్ఓని (వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెని) ఆటోలో వదిలేయండి. ఫొటో ఇసక చల్లినట్టు వస్తుంది, పరవాలేదు, కోడి మొహం తెలుస్తుంది. మరీ నల్లగా వస్తే 1/250కి దిగండి. నైట్ మోడ్ మాత్రం ఆపేయాలి, అది షటర్ సమయాన్ని ఇంకా పెంచుతుంది.

ప్రో మోడ్ తలనొప్పి అనుకునేవాళ్లు వీడియో తీయండి. నేను ఎక్కువగా చెప్పేది ఇదే. సెకనుకి 60 ఫ్రేములు (వీడియోలోని విడి బొమ్మలు) పెడితే ఒక్కో ఫ్రేముకి 1/60 సెకను మించి దొరకదు కాబట్టి, మసకలో కూడా షటర్ అంతకంటే సాగలేదు. తర్వాత తీరిగ్గా నచ్చిన ఫ్రేమును ఫొటోగా తీసుకోవచ్చు. 4కె వీడియోలో ఒక్కో ఫ్రేము సుమారు 8 మెగాపిక్సెల్స్, ఫుల్ హెచ్‌డీలో 2. వాట్సాప్‌లో పిన్నికి పంపడానికి రెండోది కూడా ఎక్కువే.

మిగతావి

నొక్కాక మూడు సెకన్లు ఆగి తీస్తోందా? పండక్కి గ్రూప్ ఫొటోకి పెట్టిన టైమర్ అలాగే ఉండిపోయింది, తీసేయండి. స్టోరేజ్ నిండితే ఫోనే చెబుతుంది. దూరం నుంచి జూమ్ చేస్తే చాలా ఫోన్లు చెదరగొడతాయి, నాలుగడుగులు ముందుకేయండి. తెర మీద దృశ్యం దానంతటదే వణుకుతూ కెమెరా లోపల టకటక చప్పుడు వస్తుంటే, అది లోపలి పార్టు పాడైన సంగతి. దానికి సెట్టింగులు పనిచేయవు, షాపుకి తేవాల్సిందే.