వార్నిష్ కుర్చీకి వేసిన రంగు ఊడిపోతోందా?

బతుకమ్మకు ముందు పాత కుర్చీకి ఎనామిల్ వేస్తారు. దీపావళి నాటికి గోరు తగిలితే చాలు, ఉల్లిపొరలా లేచి వస్తుంది. హనుమకొండలో, కాజీపేటలో ఎవరింటికి వెళ్లినా నాకు చూపించేది ఇదే. డబ్బాను తిట్టే ముందు రంగు ఎక్కడెక్కడ ఊడిందో చూడండి.

కుర్చీ అంతటా ఊడితే: వార్నిష్ మెరుపు చావకుండానే రంగు పూశారన్నమాట. 180 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, కిటికీ వెలుగులో ఏటవాలుగా పెట్టి చూడండి. ఎక్కడా తళుక్కుమనకూడదు. గట్టిగా ఉన్న వార్నిష్‌ను పూర్తిగా గీకేయనక్కర్లేదు. రెండు నిమిషాల పరీక్ష ఇది, అయినా ఎవరూ చేయరు.

అక్కడక్కడా మాత్రమే ఊడితే: జిడ్డు. నన్ను ముంచింది ఇదే. మా మేనత్త ఇంట్లో టేకు కుర్చీని శ్రద్ధగా రుద్ది, ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) మీద రెండు పూతలు వేశాను. నెల తిరగకుండానే వీపు ఆనే చెక్క పైభాగంలో, చేతుల చివర్లలో రంగు లేచింది. మిగతాదంతా రాయిలా ఉంది. మామయ్య కొబ్బరినూనె తల ఆనించి ఇరవై ఏళ్లు పేపరు చదివిన చోటు అది! జిడ్డు తీయకుండా రుద్దితే ఎమరీ ఆ నూనెను గీతల్లోకి ఇంకా దట్టిస్తుంది. దీపం పొగ తగిలే పూజ అల్మారా తలుపులకూ, సిలికాన్ ఉన్న పాలిష్ స్ప్రేతో వారంవారం తుడిచిన షోకేసులకూ ఇదే గతి.

ఊడిన రంగు గీకేసి, గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వండి. తర్వాత టర్పెంటైన్‌లో ముంచిన తెల్లగుడ్డతో, మడత మారుస్తూ, గుడ్డకు పసుప్పచ్చ మరక అంటడం ఆగేదాకా తుడవండి. (పూజ అల్మారా అయితే ముందు దీపం ఆర్పండి, కిటికీలు తెరవండి.) రుద్దడం ఆ తర్వాతే. దుమ్ము తుడిచి నాలుగు చుక్కల నీళ్లు రాయండి. పొరలా పరుచుకుంటే ప్రైమర్ వేయవచ్చు. ముత్యాల్లా ముడుచుకుంటే మళ్లీ తుడవాల్సిందే. రెండోసారీ ముడుచుకుంటే మైనం తీసిన లక్క పాలిష్ (డీవ్యాక్స్‌డ్ షెల్లాక్) ఒక పూత వేసి, దాని మీద ప్రైమర్ వేయండి.

బుడగలు వస్తే చాలాసార్లు చెక్కలో వాన తేమే కారణం, నాలుగు ఎండలు చూపించండి. ముడుల దగ్గర గోధుమరంగు మరక తేలినా ఆ లక్క పూతే మందు. చెక్క నొక్కితే వేలు దిగబడుతుంటే చెదలు పట్టిందో, కుళ్లిందో, దానికి రంగు దండగ.