జీపుకి ఫైబర్ మడ్‌గార్డులా? ఎర్త్ వైరు మరవకండి

కొండదారుల్లో తిప్పే జీపుకి రేకు మడ్‌గార్డులు తీసేసి ఫైబర్‌గ్లాస్‌వి వేయించడం మంచి పనే. తుప్పు పట్టవు, బరువూ తక్కువ. కానీ బిగించాక వాటి మీదుండే ఇండికేటర్లు వెలగలేదని వెంటనే బల్బులు మార్చకండి. రేకు బాడీ అయితే కరెంటు దాని గుండానే బ్యాటరీకి తిరిగి వెళ్తుంది, ఫైబర్‌లో వెళ్లదు. ప్రతి లైటు నుంచీ ఛాసిస్‌కి, అంటే బండి కింది ఇనుప చట్రానికి, విడిగా ఎర్త్ వైరు లాగండి. తగిలించే చోట పెయింటు గీకేయండి.

ఇంకోటి, బోల్టులు. రంధ్రం బోల్టు కన్నా కాస్త పెద్దగా వేసి, వెడల్పాటి వాషరు, దాని కింద రబ్బరు పెట్టండి. మరీ బిగించేస్తే గతుకుల్లో రంధ్రం దగ్గరే పగులు మొదలవుతుంది. రేకు సొట్టపడితే సుత్తితో సరిచేయొచ్చు, ఇది చీలిపోతుంది. డ్రిల్ చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ పొడి పీల్చకూడదు.